సీటు కంటే ముందు ఫెలోషిప్: కర్నూలు, అనంతపురం, కడప నుంచి పీహెచ్‌డీకి దారి

ఎమ్మెస్సీ అయిపోగానే మన దగ్గర చాలామంది చేసే పని ఒకటే. దగ్గరలోని యూనివర్సిటీలో తెలిసిన సార్‌ను కలిసి "ఖాళీ ఉంటే తీసుకోండి సార్" అని అడగడం. సీటు దొరుకుతుంది. రెండో ఏడాదికల్లా హాస్టల్ మెస్ బిల్లు, రసాయనాల ఖర్చు, ఊరికి పోయొచ్చే బస్సు చార్జీలు అన్నీ ఇంటిమీద పడతాయి. అప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ పనికి చేరతారు, థీసిస్ ఆగిపోతుంది. దీనికి కారణం తెలివి తక్కువై కాదు. సీటు వేరు, ఫెలోషిప్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు) వేరు అన్న సంగతి మొదట్లోనే ఎవరూ గట్టిగా చెప్పకపోవడం.

రాష్ట్ర యూనివర్సిటీలో అడ్మిషన్ వస్తే నెలనెలా డబ్బు దానంతట అది రాదు. అది జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ద్వారానో, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ద్వారానో, గైడ్ (పరిశోధనను నడిపించే అధ్యాపకుడు) ప్రాజెక్టు ద్వారానో రావాలి. కేంద్ర సాంకేతిక సంస్థల్లో లెక్క వేరు. ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐజర్‌లలో, మన కర్నూలులోని ట్రిపుల్‌ఐటీడీఎంలో గేట్ లేదా నెట్ అర్హతతో రెగ్యులర్ స్కాలర్‌గా (పూర్తికాల పరిశోధక విద్యార్థిగా) చేరితే సంస్థే ఫెలోషిప్ ఇస్తుంది. అందుకే దరఖాస్తులు మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రెండు గళ్లు గీసుకోండి. ఒకదాంట్లో "సీటు ఎక్కడ", రెండోదాంట్లో "డబ్బు ఎవరిది". రెండో గడి ఖాళీగా ఉన్న దరఖాస్తును చివరికి పెట్టుకోండి.

ఏ పరీక్ష ఎవరికి

సైన్స్ వాళ్లకు మొదటిది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. కెమికల్, లైఫ్, ఫిజికల్, మ్యాథమెటికల్, ఎర్త్ సైన్సెస్ అని ఐదు పేపర్లు. మూడు గంటలు, 200 మార్కులు. ఇందులో పార్ట్-ఏ అందరికీ ఒకటే: 20 ప్రశ్నల్లో 15 రాస్తే చాలు, ఒక్కోటి 2 మార్కులు. అంటే లెక్కలు, గ్రాఫులు, లాజిక్ మీద 30 మార్కులు. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు కూడా ఈ 30 దగ్గరే పోగొట్టుకుంటారు, ఎందుకంటే దాన్ని "బ్యాంకు పరీక్షల వ్యవహారం" అని వదిలేస్తారు. రోజూ అరగంట చొప్పున రెండు నెలలు పాత పేపర్ల పార్ట్-ఏ చేస్తే అది చేతికి వస్తుంది. తప్పు జవాబుకు సాధారణంగా పావు వంతు కోత ఉందని మరిచిపోవద్దు. మ్యాథమెటికల్ సైన్సెస్ పార్ట్-సీలో మాత్రం ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కు. అక్కడ కోత లేదు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా ఇది రాయొచ్చు. చాలామంది డిగ్రీ చేతికొచ్చాక చూద్దామని ఒక ఏడాది పోగొట్టుకుంటారు. లైఫ్ సైన్సెస్ పేపర్‌ను ఎంబీబీఎస్, బీఫార్మసీ వాళ్లు కూడా రాయొచ్చన్నది ఇంకా తక్కువమందికి తెలుసు.

2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండింటిలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క ఏడాదే పనికొస్తుంది. మూడో రకంలో వచ్చినవాళ్లు "నెట్ వచ్చింది" అని సంబరపడి నోటిఫికేషన్ల మీద కన్ను వేయకపోతే, తేదీ దాటిపోయి మళ్లీ మొదటికి వస్తారు.

జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్లయ్యాక పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోగా) మారిస్తే 42,000. దీనిమీద ఇంటి అద్దె భత్యం ఊరి తరగతిని బట్టి ఉంటుంది. హైదరాబాదులో వచ్చినంత శాతం కడపలోనో అనంతపురంలోనో రాదు. కానీ ఇక్కడి అద్దెలతో పోలిస్తే చేతిలో మిగిలేది ఇక్కడే ఎక్కువ.

ఇంజనీరింగ్ వాళ్లకు గేట్. 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. బీటెక్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. పరీక్ష ఫిబ్రవరిలో అయినా, దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులోనే మొదలై, ఆలస్య రుసుము గడువుతో కలిపి అక్టోబరుకల్లా ముగుస్తాయి. డిసెంబరులో గుర్తొస్తే ఏమీ లాభం లేదు. ఎంటెక్ ఉంది కదా, గేట్ ఎందుకనుకునేవాళ్లు సంస్థ ఫెలోషిప్ నిబంధన ఒకసారి చదవాలి. సీటుకు అక్కర్లేకపోయినా డబ్బుకు అడిగే చోట్లు ఉన్నాయి.

వైద్యం, జీవవైద్యం వైపు వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జేఆర్‌ఎఫ్ ఉంది. బయోటెక్నాలజీ వాళ్లకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ఫెలోషిప్ కోసం పెట్టే బెట్ పరీక్ష, వ్యవసాయం వాళ్లకు వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పరీక్ష, ఫిజిక్స్ వాళ్లకు జెస్ట్ అనే ప్రవేశ పరీక్ష. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు పెట్టుకోవచ్చు. దీనికి ర్యాంకు సర్టిఫికెట్ కావాలి, మార్కుల మెమో సరిపోదు. ఎగ్జామినేషన్ బ్రాంచికి అర్జీ పెట్టి ముందే తీసిపెట్టుకోండి. 27 నుంచి 45 ఏళ్ల మహిళలకు కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం (డీఎస్‌టీ) వారి వైజ్-పీహెచ్‌డీ ఫెలోషిప్ ప్రత్యేకంగా ఉంది.

రాష్ట్ర యూనివర్సిటీల తోవ

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూఏ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం. ఇలాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ ప్రవేశాలకు ఏపీ ఆర్‌సెట్ అనే రాష్ట్ర పరీక్ష ఉంది. ఇది నెట్‌లా ఏటా ఠంచనుగా వచ్చే పరీక్ష కాదు. కొన్నిసార్లు గ్యాప్ పడుతుంది, కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. నోటిఫికేషన్ రాగానే రెండు విషయాలు చూడండి: మీ సబ్జెక్టులో ఏ యూనివర్సిటీలో ఎన్ని ఖాళీలు చూపించారు, నెట్ లేదా గేట్ ఉన్నవాళ్లకు రాత పరీక్ష మినహాయింపు వాక్యం ఉందా.

ఖాళీల లెక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే వెతకడం సులువు. యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది స్కాలర్లకు మించి ఉండకూడదు. రిటైర్‌మెంట్ మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గర చోటు ఉండకపోవడానికి సాధారణంగా ఈ రెండే కారణాలు. అదే విభాగంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నాలుగూ ఖాళీగా ఉండొచ్చు. పైగా ఆయనకూ పేపర్లు కావాలి గనక మీ పని ఆలస్యం కానివ్వరు.

అర్హత మామూలుగా పీజీలో 55 శాతం. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీలేయర్ బీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. నాలుగేళ్ల డిగ్రీ వాళ్లయితే 75 శాతం ఉండాలి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్లకు మరో రెండేళ్లు. ప్రసూతి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంటుంది. పెళ్లై వేరే ఊరికి మారాల్సి వచ్చిన అమ్మాయి తన పరిశోధన డేటాతో సహా అక్కడి సంస్థకు బదిలీ కోరే హక్కు కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఆఫీసులో "అట్లా కుదరదమ్మా" అన్నారంటే ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లి చూపించండి.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ చేసేవాళ్లు మన జిల్లాల్లో ఎక్కువ. వీళ్లు తడబడేది కాలేజీ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) దగ్గర. "అభ్యంతరం లేదు" అన్న ఒక్క ముక్క చాలదు. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇస్తున్నామని, పరిశోధనకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు (పరిశోధనకు ముందు చదవాల్సిన తరగతులకు) రిలీవ్ చేస్తామని మూడూ రాసి ఉండాలి. మూడోది రాయడానికి మేనేజ్‌మెంటు వెనకాడుతుంది. కోర్స్‌వర్క్ ఎన్ని రోజులో యూనివర్సిటీ దగ్గర తెలుసుకుని, ఆ లెక్క చూపించి అడిగితే ఒప్పుకుంటారు. ఇంకొకటి, దూరవిద్య పీహెచ్‌డీ అన్నది చెల్లదు. పార్ట్‌టైమ్ వేరు, డిస్టెన్స్ వేరు.

గైడ్‌ను ఎట్లా చూసుకోవాలి

దేశంలోని థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటు తెరిచి గైడ్ పేరుతో వెతకండి. ఆయన కింద వచ్చిన థీసిస్‌లు కనిపిస్తాయి. రిజిస్టర్ అయిన ఏడాది, సమర్పించిన ఏడాది రెండూ ఉన్నచోట తేడా లెక్కేయండి. నాలుగైదేళ్లలో ముగుస్తుంటే మంచిది. ఏడెనిమిదేళ్లు పడుతుంటే అక్కడ పనిచేస్తున్న స్కాలర్‌నే అడగండి, అదీ క్యాంటీన్‌లో, గైడ్ గదిలో కాదు. అడగాల్సినవి ఇవి: పరికరం చెడిపోతే బాగుచేయించడానికి ఎన్నాళ్లు, పేపర్ డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకు తిరిగి వస్తుంది, పరిశోధన చిల్లర ఖర్చులకిచ్చే కంటింజెన్సీ డబ్బు స్కాలర్ చేతికి వస్తుందా.

ఆ తర్వాత ఈమెయిల్. ఒకే మెయిల్ యాభైమందికి పోతే అది చెత్తబుట్టకే, చదివేవాళ్లకు అది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. 150 నుంచి 200 పదాలు చాలు. సబ్జెక్టు లైన్‌లో అర్హత, విషయం రెండూ రావాలి: "జేఆర్‌ఎఫ్ ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థి, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్, పీహెచ్‌డీ అవకాశం" అన్నట్టుగా. మొదటి పేరాలో మీరెవరు, అర్హత ఏమిటి. రెండో పేరాలో వారి ఇటీవలి పేపర్లలో ఒకదాని గురించి ఒక నిజమైన ప్రశ్న, పొగడ్త కాదు. మూడోదాంట్లో మీ చేతికి వచ్చిన పనులు: ఏ పరికరం నడిపారు, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు. రెండు పేజీల బయోడేటా పీడీఎఫ్‌గా జతచేయండి, ఫైలుకు మీ పేరే పెట్టండి. పది రోజులకు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. రెండోసారికీ రాకపోతే వదిలేయండి.

ప్రపోజల్: మన నేలనుంచే ఎత్తుకోండి

ఇంటర్వ్యూలో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడ. "నానో పదార్థాలు, వాటి అనువర్తనాలు" అనేది విషయం కాదు, పుస్తకం అట్ట. ప్రపోజల్‌కు ఒక ప్రశ్న, దానికి జవాబు దొరికే కొలత, ఆ కొలతకు పరికరం, మూడేళ్లలో అయ్యే పని కావాలి. మన మూడు ఊళ్ల చుట్టూ ప్రశ్నలకు కొదవ లేదు. కడప బేసిన్ శిలలు, తుమ్మలపల్లె యురేనియం, మంగంపేట బెరైటీస్ ఖనిజం, వజ్రకరూరు కింబర్లైట్లు (వజ్రాలు దొరికే శిలలు), కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, అనంతపురం వేరుశనగ, బోర్లలో ఫ్లోరైడ్. ఎక్కడో ఉన్న సమస్య మీద రాసినవాడికంటే రెండు గంటల బస్సు దూరంలో శాంపిల్ దొరికేవాడి ప్రపోజల్ నిలబడుతుంది.

ఫ్లోరైడ్‌నే తీసుకుందాం. "అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ అధ్యయనం" అంటే ఇప్పటికే బోలెడు ఉన్నాయి. "గ్రానైట్ రాతి ప్రాంతంలో ఒకే మండలంలోని 60 బోర్లలో ఫ్లోరైడ్ వానకు ముందు, తర్వాత ఎంత మారుతుంది, బోరు లోతుతో దానికి సంబంధం ఉందా" అంటే అది ప్రశ్న. శాంపిళ్లు మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి. నీళ్లు పాలిథిన్ సీసాల్లో పట్టాలి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి గాజు సీసాలు పనికిరావు. బోరు ఐదు నిమిషాలైనా ఆడించి, పైపులో నిలిచిన నీళ్లు పోయాకే పట్టాలి. లోహాల కొలతకు వేరే సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ విలువ 2 కంటే తగ్గించాలి, ఫ్లోరైడ్ సీసాలో ఆమ్లం వేయకూడదు. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు టిసాబ్ బఫర్ (ఫ్లోరైడ్‌ను విడిగా ఉంచే ద్రావణం) కలపకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుని రీడింగు తక్కువ చూపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు. ఇంత వివరం రెండు పేరాల్లో రాసి చూపిస్తే, ఇంటర్వ్యూ బోర్డు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

సోలార్ వైపు వెళ్లే ఇంజనీరింగ్ వాళ్లదీ ఇదే సంగతి. "ప్యానెళ్ల మీద దుమ్ము ప్రభావం" అనకండి. ఎండాకాలం కడగకుండా వదిలేస్తే వారానికి ఉత్పత్తి ఎంత శాతం తగ్గుతుంది, నీటి ఖర్చు కలుపుకుంటే ఎన్ని రోజులకోసారి కడిగితే గిట్టుబాటు అని అడగండి. కొలవడానికి ఒక పైరనోమీటరు (ఎండ తీవ్రత కొలిచే పరికరం), కడిగినది ఒకటి, కడగనిది ఒకటిగా రెండు ప్యానెళ్లు, ఏడాది డేటా. పార్కు లోపలి డేటా ఇస్తారన్న నమ్మకంతో ప్రపోజల్ కట్టొద్దు. అనుమతి రాకపోతే మొత్తం కూలిపోతుంది. కాలేజీ డాబా మీద అయ్యే పనిగా రాసుకుని, పార్కు డేటాను అదనంగా చూపించండి.

డిపార్ట్‌మెంటులో పరికరం లేదని విషయం మార్చుకోనక్కర్లేదు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని ప్రయోగశాలల పరికరాలు వెతికి బుక్ చేసుకోవచ్చు. రాళ్లూ ఖనిజాలూ అయితే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) దగ్గరే ఉంది. ఒక్కో శాంపిల్ రేటు ముందే కనుక్కుని, శాంపిళ్ల సంఖ్యతో హెచ్చించి ప్రపోజల్‌లో పెట్టండి. చాలామంది ఈ గుణింతం మూడో ఏడాదిలో చేసి తలపట్టుకుంటారు.

వైద్యరంగం

ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ ఎంబీబీఎస్ వాళ్లను నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటుంది. ఎమ్మెస్సీ మెడికల్, ఎంఫార్మసీ, ఫార్మ్‌డీ వాళ్లకు కూడా తలుపులు ఉన్నాయి. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నుంచి ఉంది. దాని బోధనాసుపత్రిలో, అనంతపురం, కడప బోధనాసుపత్రుల్లో రోగుల సంఖ్యకు కొరత లేదు. కొరతంతా రికార్డు పద్ధతికే.

ఇక్కడ ఒకే ఒక్క గట్టి నియమం: నైతిక కమిటీ (ఎథిక్స్ కమిటీ) అనుమతి చేతికి రాకముందు ఒక్క రోగి నుంచి కూడా డేటా తీసుకోవద్దు. తర్వాత అనుమతి తెచ్చుకుంటే ముందు తీసినది చెల్లుబాటు కాదు, మంచి జర్నల్ ఏదీ అచ్చు వేయదు. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. సమ్మతి పత్రం తెలుగులో, చదవలేనివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించేలా ఉండాలి. ఇంగ్లీషు నుంచి మక్కీకి మక్కీ దించిన సమ్మతి పత్రం రోగికి అర్థం కాదు, కమిటీ తిప్పి పంపుతుంది.

శాంపిల్ సైజును "వంద మంది" అని గుండుగుత్తగా వేయొద్దు. జబ్బు సుమారు 20 శాతం మందిలో ఉంటుందని పాత అధ్యయనాలు చెబితే, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో లెక్కిస్తే 246 మంది వస్తారు. మధ్యలో మానేసేవాళ్ల కోసం పది శాతం కలిపితే సుమారు 270. ఈ లెక్క ప్రపోజల్‌లో కనిపించాలి.

కాగితాలు

పరీక్షలో గెలిచి కౌంటర్ దగ్గర ఓడిపోయేవాళ్లు తక్కువేం కాదు. మొదటి చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ముందువెనకలుగా ఉంటుంది. అన్ని దరఖాస్తుల్లో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాసి, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోవడం సులువు. రెండోది బీసీ సర్టిఫికెట్. రాష్ట్రంలో చదువుకు వాడేది కేంద్ర సంస్థలకు చాలదు. కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉండాలి, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి, ముందే చూసుకోండి. ఇది, ఈడబ్ల్యూఎస్ పత్రం రెండూ నోటిఫికేషన్ చెప్పిన తేదీల లోపలివై ఉండాలి. టీసీ, మైగ్రేషన్ ఒరిజినల్స్ ఒక చోట ఇచ్చేశాక ఇంకో చోట సీటు వస్తే వెనక్కి తీసుకోవడం పెద్ద తతంగం.

విదేశాలకు పెట్టుకునేవాళ్లకు రెండు మాటలు. అమెరికాలో ఆగస్టు ప్రవేశానికి గడువు ముందటి డిసెంబరు. ట్రాన్‌స్క్రిప్టులకు మన యూనివర్సిటీల్లో వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టులోనే అర్జీ పెట్టాలి. జర్మనీలో చాలా పీహెచ్‌డీలు ఉద్యోగ ప్రకటనల్లా వస్తాయి, జీతంతో. యూరప్ ఖాళీలకు యూరాక్సెస్ వెబ్‌సైటు చూడండి. సిఫార్సు లేఖల్లో "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, మంచి నడవడిక" అని రాయించుకుంటే దండగ. మీరు చేసిన ఒక ప్రయోగం, అందులో వచ్చిన చిక్కు, దాన్ని ఎట్లా విప్పారో ఆ సార్‌కు ఒక పేజీ రాసి ఇచ్చి, దాన్నుంచి రాయమనండి. లేఖ యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి వెళ్లాలి, సొంత జీమెయిల్ అయితే కొన్ని చోట్ల అనుమానిస్తారు.

చేరాక

యూజీసీ ఫెలోషిప్ నెలనెలా దానంతట రాదు. మీరు పనిలో ఉన్నారని యూనివర్సిటీలో వివరాలు ఎక్కించే మేకర్, సరిచూసే చెకర్ ఇద్దరూ పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఒక నెల మరిచిపోతే డబ్బు ఆగుతుంది. నెలాఖరులో ఆ గుమస్తాను పలకరించడం అలవాటు చేసుకోండి. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం తెచ్చుకోవాలి. జర్నల్‌లో పేపర్ ఉండాలన్న నియమాన్ని 2022లో యూజీసీ తీసేసినా, మీ యూనివర్సిటీ తన నిబంధనల్లో అడగొచ్చు. మీ ఆర్డినెన్సు (యూనివర్సిటీ పీహెచ్‌డీ నియమావళి) చదవండి. మూడు రోజుల్లో అచ్చు వేస్తామని, రెండు వేలు కట్టమని వాట్సాప్‌లో వచ్చే జర్నళ్లకు దూరంగా ఉండండి, అందులో పడ్డ డేటా మళ్లీ మంచి చోట పనికిరాదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ అనే ఆమోదిత జర్నళ్ల జాబితా కూడా ఎత్తేశారు, కాబట్టి "కేర్ జర్నల్" అన్న ప్రకటనకు ఇప్పుడు అర్థం లేదు.

థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. సాధారణంగా పట్టుబడేది ప్రయోగ పద్ధతుల అధ్యాయం. సీనియర్ థీసిస్ నుంచి ఎత్తి రాసినది శోధ్‌గంగలో ఎట్లాగూ ఉంటుంది.

వైవా అయిపోయి ప్రొవిజనల్ (తాత్కాలిక) సర్టిఫికెట్ తీసుకునే రోజు, దాంతోపాటు డిగ్రీ యూజీసీ 2022 నిబంధనల ప్రకారమే ఇచ్చామన్న ధ్రువీకరణ కూడా రాయించుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ స్క్రూటినీలో మొదట అడిగే కాగితం అదే. రిజిస్ట్రార్ మారాక, గైడ్ రిటైరయ్యాక దానికోసం తిరగడం చాలా కష్టం.